అంగీ కిందికి గుంజుకో పెద్దాయనా

(సికింద్రాబాద్‌లో బంగారు, వెండి వ్యాపారుల కోసం ఆదివారం పొద్దున పెట్టిన సమావేశంలో, పోలీసు శాఖలో ఆర్మరర్‌గా (ఆయుధాలు శుభ్రం చేసి బాగుచేసే ఉద్యోగిగా) పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. ముందు ఒక మాట అడుగుతాను. ఈ రోజు ఎవరైనా వెపన్ పెట్టుకుని వచ్చారా? చేతులు ఎత్తొద్దు, వద్దు వద్దు. మూడో వరుసలో ఒకాయన నేను అడగ్గానే కుడి చేత్తో నడుము తడుముకున్నారు. పేరు చెప్పను, భయపడకండి. నేను చూశాను, పక్కన కూర్చున్నాయన చూశారు. దొంగ కూడా అట్లాగే చూస్తాడు. బస్టాండులో 'జేబుదొంగలున్నారు జాగ్రత్త' అని బోర్డు ఉంటుంది కదా? అది చదివినవాళ్ళంతా ముందు పర్సు ఎక్కడుందో తడిమి చూసుకుంటారు. జేబుదొంగ ఆ బోర్డు పక్కనే నిలబడతాడు. అంతకంటే వాడికేం కావాలి?

మీ సంఘంవాళ్ళు ఫోన్ చేసి, 'సార్, మావాళ్ళలో చాలామందికి గన్ లైసెన్స్ ఉంది, కాల్చడం గురించి నాలుగు మాటలు చెప్పండి' అన్నారు. కాల్చడం నేర్చుకోవాలంటే రేంజ్‌కి పోవాలి. మన హైదరాబాద్‌కి దాంట్లో తక్కువేం లేదు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ మనవాడే. నేను ఇక్కడ మాట్లాడేది కాల్చకుండా ఇంటికి ఎట్లా చేరాలి అని. నడుముకి వెపన్ కట్టిన మనిషి వీధిలో ఎట్లా మసలాలి అని. ఇది రేంజ్‌లో చెప్పరు.

నేను ఎన్‌కౌంటర్లు చేసినవాణ్ణి కాదు, అది ముందే చెప్తున్నా. 31 ఏళ్ళు నా ఉద్యోగమంతా ఒక బల్ల, ఒక నూనె డబ్బా, గుడ్డ పీలికలు. విప్పడం, తుడవడం, బిగించడం. కానీ వెపన్‌ని చూస్తే దాని యజమాని ఎట్లాంటివాడో తెలుస్తుంది. మీకు చెవి కమ్మ చూస్తే ఆ ఇంటి సంగతి తెలుస్తుంది కదా, అట్లాగే.

రిటైరైన తర్వాత ఒకాయన .32 రివాల్వర్ తెచ్చాడు. కాన్పూర్ ఫ్యాక్టరీది, మంచి వస్తువు. నేను రిపేర్లు చేయను, దానికి లైసెన్స్ ఉన్న డీలర్ ఉంటాడు. చూసి చెప్తాను, అంతే. 'చక్రం తిరగట్లేదు సార్' అన్నాడు. 'లోడ్ చేసి ఉందా?' అని అడిగాను. 'అయ్యో, ఖాళీ సార్, ఏడాది నుంచి బీరువాలోనే ఉంది' అన్నాడు. మూతి గోడ వైపు పెట్టి, వేలు బయట ఉంచి, కష్టం మీద చక్రం పక్కకి తీశాను. ఏముంది లోపల? ఆరు గదుల్లో ఆరు రౌండ్లు, అంటే తూటాలు. ఖాళీ అన్నాడు. ఆరు! ఒక రౌండుకి చిలుము పట్టి పచ్చగా అయిపోయింది. హ్యామర్ వెనకాల సందులో ఎర్రగా గట్టిగా ఏదో పట్టుకుని ఉంది. తుప్పు అనుకుని పుల్లతో గీకాను. తుప్పు కాదు. కుంకుమ.

దసరాకి ఆయుధ పూజ చేశాడండీ. తప్పా? తప్పు కాదు, మనందరం చేస్తాం, నేను కూడా నా స్క్రూడ్రైవర్లకి బొట్టు పెడతాను. ఈయన పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు, కొబ్బరి నీళ్ళు చల్లాడు, పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాడు. ఏడాదిపాటు అది అక్కడ అట్లా గడ్డకట్టింది. నాకు దాంట్లో కనిపించింది ఏంటంటే, ఈయన దాన్ని దేవుణ్ణి చేశాడు గానీ పనిముట్టుగా చూడలేదు. దేవుణ్ణయితే విప్పి చూడం కదా, లోపల ఏముందో. అందుకే లోపల ఆరు రౌండ్లున్న సంగతే మరిచిపోయాడు. పూజ చేయండి, ఖాళీ చేసి చేయండి. బొట్టు పెట్టాలంటే పెట్టె మీద పెట్టండి. దేవుడు ఏమీ అనుకోడు.

దసరా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుని 'బంగారం' ఇచ్చిపుచ్చుకుంటాం, అలాయ్ బలాయ్ అంటాం. అంత మంచి పండగలో ఎవరో ఒక బావమరిది, 'బావా, ఒక్క రౌండు గాల్లోకి వదులు' అంటాడు. పెళ్ళి బరాత్‌లో కూడా ఇదే. గాల్లోకి పోయింది గాల్లోనే ఉంటుందా? ఎక్కడో ఒకచోట దిగుతుంది, ఎవరి డాబా మీదనో. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించినప్పుడు దీన్ని పేరు పెట్టి నేరం చేశారు. సంబరాల్లో నిర్లక్ష్యంగా కాల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఎవరికీ తగలకపోయినా సరే. బావమరిది జైలుకి రాడు, టిఫిన్ తెస్తాడు, అదీ మొదటి వారం.

సరే. మీరు ఎందుకు తీసుకున్నారో నాకు తెలుసు. మీ దగ్గర సరుకు ఉంటుంది. 2025 జనవరిలో బీదర్‌లో ఏటీఎం డబ్బు తెచ్చినవాళ్ళ మీద కాల్పులు జరిపి, ఆ దొంగలు ఆ సాయంత్రానికే మన అఫ్జల్‌గంజ్‌లో దిగారు. ఇక్కడ బస్సు ఎక్కబోతూ బ్యాగులో ఏముందని అడిగినందుకు మళ్ళీ కాల్చారు. అది టీవీలో చూసిన రాత్రి నాకు ఎన్ని ఫోన్లు వచ్చాయో! 'సార్, మాకు కూడా ఒకటి ఇప్పించండి' అని. నేనేమైనా కూరగాయలు ఇప్పిస్తున్నానా? భయం నిజమే. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కానీ మీరు ఆ రోజు కోసం కట్టుకున్న వెపన్, మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులు కూడా మీ నడుముకే ఉంటుంది. దొంగ ఒక్క రోజు వస్తే వస్తాడు. పార్కింగ్ లొల్లి రోజూ ఉంటుంది.

ఎట్లా పెట్టుకోవాలి? 2016 ఆయుధాల నియమాల్లో స్పష్టంగా ఉంది. బయటికి తీసుకెళ్తే హోల్‌స్టర్‌లో, అంటే ఒంటికి కట్టుకునే ఒరలో ఉండాలి, లేదంటే వీపు సంచి లాంటి దాంట్లో. పూర్తిగా కప్పి ఉండాలి. మీ అదుపులో ఉండాలి. బయటికి తీసి ఊపడం పనికిరాదు. అంతే, నాలుగు ముక్కలు. ఇప్పుడు మనవాళ్ళు చేసేదేంటి? సఫారీ జేబులో తాళంచెవులతో కలిపి. కారు డ్యాష్‌బోర్డులో. స్కూటీ డిక్కీలో, రెయిన్‌కోటు కింద. డిక్కీలో ఉన్నది మీ అదుపులో ఉన్నట్టా? స్కూటీ పోతే ఆర్సీ కోసం ఏడుస్తారా, వెపన్ కోసం ఏడుస్తారా? జేబులో తాళంచెవి పోయి ట్రిగ్గర్ సందులో దూరిందనుకోండి, ఇక చెప్పక్కర్లేదు, ఎక్కడ తగులుతుందో మీరే ఊహించుకోండి.

హోల్‌స్టర్ అంటే వట్టి తోలు సంచి కాదు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ పూర్తిగా మూసుకోవాలి, వేలు దూరడానికి సందు ఉండకూడదు. వంగినా, బండి ఎక్కినా, మెట్ల మీద పరిగెత్తినా కదలకూడదు. దానికి గట్టి బెల్టు కావాలి. మనవాళ్ళు లక్ష పైన పెట్టి రివాల్వర్ కొంటారు, బెల్టు మాత్రం కోఠీ ఫుట్‌పాత్ మీద బేరమాడి తెస్తారు. బెల్టు జారుతుంది, ప్యాంటు జారుతుంది, చెయ్యి మాటిమాటికి నడుముకి పోతుంది. చెప్పాను కదా, తడుముకునేవాణ్ణి దొంగ చూస్తాడని. ఇంకొకటి, మన ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో నడుము దగ్గర చెమట ఎట్లా కారుతుందో తెలుసు కదా. ఉప్పు నీళ్ళు అవి. సాయంత్రం ఇంటికి పోగానే ఖాళీ చేసి పొడి గుడ్డతో తుడిచి, పలచగా నూనె పట్టించాలి. లేకపోతే నెలకే మచ్చలొస్తాయి. తోలు హోల్‌స్టర్‌లో పెట్టి బీరువాలో దాచొద్దు, తోలు చెమ్మ పట్టుకుంటుంది.

ఇప్పుడు నవ్వొచ్చే సంగతి, కానీ నవ్వకండి. బాత్‌రూం. ప్యాంటు వదులు చేస్తే హోల్‌స్టర్ వేలాడుతుంది కదా, అప్పుడు ఏం చేస్తారు? తీసి ఫ్లష్ ట్యాంకు మీద పెడతారు. చెయ్యి కడుక్కుంటారు, ఫోన్ మోగుతుంది, మాట్లాడుకుంటూ బయటికొచ్చేస్తారు. నాకు తెలిసిన ఒకాయన ఫంక్షన్ హాల్లో ఇదే చేశాడు. పది నిమిషాలకి అక్కడ శుభ్రం చేసే పిల్లగాడు రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకని తోక పట్టుకుని తెచ్చినట్టు పట్టుకుని, భోజనాల బంతిలోకి వచ్చి 'ఇది ఎవరిది?' అని అడిగాడు. పెళ్ళివారందరి ముందూ! వాడి వేలు ట్రిగ్గర్ మీద లేదు, అది ఈయన అదృష్టం. వెపన్ హోల్‌స్టర్ లోంచి బయటికి రాకూడదు. ప్యాంటు కిందికి జారినా, హోల్‌స్టర్‌తో సహా బెల్టుకే ఉండాలి, కాళ్ళ మధ్య, మీ కళ్ళ ముందు. అంతగా తప్పనిసరైతే ఒళ్ళో పెట్టుకోండి. ఒళ్ళో ఉన్నదాన్ని మరిచిపోయి లేవలేరు.

ఇక నా సంగతి చెప్తాను. చెప్పొద్దనే అనుకున్నాను, ఇంట్లో కూడా చెప్పలేదు చాలా రోజులు.

రిటైరైన రెండో ఏడు. నాకూ లైసెన్స్ వచ్చింది, .32. అప్పుడు నేను హిమాయత్‌నగర్ వైపు నుంచి లిబర్టీ సిగ్నల్ దగ్గరికి స్కూటర్ మీద వస్తున్నా. పొద్దున పదిన్నర, ఆఫీసుల టైము. ఆటో ఒకటి ఎడమ పక్క నుంచి దూరి నా అద్దం విరగ్గొట్టింది. అద్దం ఎంత? రెండు వందలు. నేను స్టాండ్ వేసి దిగాను. అతను కూడా దిగాడు. మాట మాట పెరిగింది. 'కండ్లు కనిపిస్తలేవా' అని నేను, 'నీకు కనిపిస్తున్నయా' అని అతను. వెనకాల హారన్లు. నాకు తెలియకుండానే నా కుడి చెయ్యి నడుము మీదికి పోయింది. తీయాలని కాదు. ఒట్టు, తీయాలని కాదు. తీయను అని నాకు తెలుసు. ఊరికే పోయింది, చెయ్యి దానంతట అదే. అంగీ పైకి లేచింది. హోల్‌స్టర్ కనిపించింది.

ఆటో ఆయన చూశాడు. నేను అనుకున్నాను, భయపడతాడని. భయపడాలని కూడా అనుకున్నానేమో, దాచడమెందుకు. అతను ఒక్క అడుగు ముందుకొచ్చి, ఎవరికీ వినపడకుండా మెల్లగా అన్నాడు: 'పెద్దాయనా, జర అంగీ కిందికి గుంజుకో. అందరు చూస్తున్నరు.' అని పోయి ఆటో ఎక్కి కూర్చున్నాడు. సిగ్నల్ పడింది, పోయాడు.

31 ఏళ్ళు వేలమంది పోలీసులకి వెపన్ ఇచ్చి, 'మూతి కిందికి, వేలు బయటికి' అని పాఠం చెప్పినవాణ్ణి నేను. నాకు పాఠం చెప్పింది ఎవరు? అతను ఆ రోజు పోలీస్ స్టేషన్‌కి పోయి ఉంటే? వెపన్ చూపించి బెదిరించాడంటే భారతీయ న్యాయ సంహిత 351, నేరపూరిత బెదిరింపు. చంపుతానన్న బెదిరింపయితే ఏడేళ్ళ వరకు ఉంది. నేను నోటితో అనలేదు, నిజమే. అంగీ అంది కదా! నా లైసెన్స్ పోయేది, అది చిన్న విషయం. పెన్షన్ మీద బతికేవాణ్ణి కోర్టు చుట్టూ తిరిగేవాణ్ణి, రెండు వందల అద్దం కోసం.

ఆ తర్వాత నేను బాగా ఆలోచించాను. నడుము ఖాళీగా ఉంటే ఆ రోజు దిగేవాణ్ణా? దిగేవాణ్ణి కాదు. నాకు అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పి, ఆ పిల్లగాడికి ముప్పై. ఖాళీ నడుముతో అయితే అద్దం చూసుకుని, 'నీ అయ్య' అని లోపల తిట్టుకుని పోయేవాణ్ణి. నన్ను కిందికి దింపింది ఆ వెపనే. దాంతో ధైర్యం వస్తుంది అనుకుంటాం. నాకు వచ్చింది నోరు. ధైర్యం వేరు, నోరు వేరు.

అందుకే ఇప్పుడు నా లెక్క ఏంటంటే, కట్టుకున్న రోజు నేను ప్రతి గొడవలో ఓడిపోతాను. ముందే, దిగకముందే. ట్రాఫిక్‌లో ఎవడైనా గుద్దితే 'భయ్యా, నాదే తప్పు, పో' అంటాను. వాడిదే తప్పు అయినా సరే. అపార్ట్‌మెంట్లో మన పార్కింగ్‌లో పక్క ఫ్లాటాయన కారు పెట్టాడు. ఇంతకుముందయితే పైకి పోయి బెల్లు కొట్టేవాణ్ణి. ఇప్పుడు వాచ్‌మన్‌కి చెప్పి, రోడ్డు మీద పెట్టుకుంటాను. వాళ్ళు నన్ను మెత్తనోడనుకుంటారు. అనుకోనీయండి. షాపులో గిరాకీ వచ్చి 'మీ తూకంలో మోసం ఉంది' అన్నాడనుకోండి, మీకు ఎంత కోపం వస్తుందో నాకు తెలుసు, అంతకంటే పెద్ద మాట మీకు లేదు. అప్పుడు మీరు కౌంటర్ దిగి రావద్దు. కొడుకుని పంపండి, గుమాస్తాని పంపండి, నడుము ఖాళీగా ఉన్నవాణ్ణి పంపండి.

అన్నదమ్ముల పంపకాలకి కూర్చునేటప్పుడు ఇంట్లో పెట్టి పోండి. మందు తాగే రోజు ఇంట్లో పెట్టండి. 'ఒక్క పెగ్గే' అనే మాట నాకు చెప్పొద్దు, నేను విన్న ప్రతి కథా ఆ ఒక్క పెగ్గుతోనే మొదలైంది. మెట్రో ఎక్కాలన్నా, కోర్టుకి పోవాలన్నా, గుడికి పోవాలన్నా ఇంట్లో పెట్టండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మరి నిజంగా దొంగ వస్తే? చట్టం మీకు హక్కు ఇచ్చింది, దాన్ని నేను కాదనను. 2024 జులై 1 నుంచి కొత్త సంహిత వచ్చింది, ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. పాత ఐపీసీలో 96 నుంచి 106. ప్రాణం పోతుందనో, తీవ్రమైన గాయం అవుతుందనో సబబైన భయం ఉంటే, ఎదుటివాడి ప్రాణం తీసేదాకా కూడా హక్కు ఉంటుంది. పారిపోవాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగ్ కేసులో చెప్పింది. కోర్టులు ఇంకో మాట తరచూ రాస్తుంటాయి, మీకు నచ్చుతుంది: ప్రాణభయంలో ఉన్నవాడు ఎంత బలం వాడాడో బంగారు త్రాసులో తూచి చూడకూడదు అని. మీ త్రాసే! కానీ ఆ మాట జడ్జిగారు రాసేది ఎప్పుడు? ఎన్ని ఏళ్ళకి? అప్పటిదాకా షాపు షట్టరు ఎవరు ఎత్తుతారు?

పైగా ఆ హక్కుకి గీతలు ఉన్నాయి. అవసరానికి మించి హాని చేయకూడదు. పోలీసుల దగ్గరికి పోయేంత టైము ఉంటే హక్కు లేదు. అన్నిటికంటే ముఖ్యం, మీరు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: దొంగ బ్యాగు పట్టుకుని బండెక్కి పోతున్నాడు, వెనక నుంచి కాల్చొచ్చా? దోపిడీలో వాడు చంపుతాడనో, కొడతాడనో, కదలనీయకుండా ఆపేస్తాడనో భయం కళ్ళ ముందు ఉన్నంతసేపే ఆ పెద్ద హక్కు. వాడి వీపు కనిపించిందంటే ఆ భయం వెళ్ళిపోతోందని అర్థం. వీపు మీద కాల్చినవాడు కోర్టులో భయపడ్డానని ఎట్లా చెప్తాడు? నగ పోయింది, పోనీ. బీమా చేయించుకోండి.

ఇంకా ఒక లెక్క చెప్తాను. 1983లో అమెరికాలో, సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ టూలర్ అని, గడియారం పెట్టి కొలిచాడు. కత్తి పట్టిన మామూలు మనిషి 21 అడుగుల దూరం ఒకటిన్నర సెకనులో వచ్చి మీద పడతాడు. శిక్షణ ఉన్న పోలీసుకి తుపాకీ తీసి కాల్చడానికి కూడా దాదాపు అంతే పడుతుంది. మీరు చెప్పండి, జనరల్ బజార్‌లో ఎవరి షాపుకి 21 అడుగుల పొడవు ఉంది? మీ కౌంటరుకీ తలుపుకీ మధ్య ఎంత? ఏడెనిమిది అడుగులు. అంగీ ఎత్తి, పట్టీ విప్పి, తీసి, చూసి... అయిపోయింది అక్కడ. అందుకే బజర్, కెమెరా, లోపల రెండో తలుపు, గుమాస్తాలకి 'ఎదురు తిరగకండి, ఇచ్చేయండి' అని చెప్పి ఉంచడం, ఇవి ముందు. వెపన్ ఎక్కడో చివర.

ఆ సందులో కాలిస్తే గురి తప్పింది ఎక్కడికి పోతుంది? ఎదురు షాపు గాజు, దాని వెనక గాజులు చూసుకుంటున్న ఆడవాళ్ళు. గోడకి తగిలి మళ్ళుతుంది కూడా. మీరు ఎవరిని కాలుస్తున్నారో ఒకటే కాదు, వాడి వెనక ఎవరున్నారో కూడా చూడాలి. చేతులు వణుకుతుంటాయి, చూపు సన్నబడి గొట్టంలోంచి చూసినట్టు అవుతుంది, పక్కన అరుపులు వినపడవు. ఒక చెయ్యి దేన్నయినా గట్టిగా పట్టుకుంటే రెండో చెయ్యి వేళ్ళు కూడా వాటంతట అవే బిగుస్తాయి. అందుకే వేలు ట్రిగ్గర్ మీద పెట్టొద్దని అంతసేపు చెప్పేది.

ఒకవేళ జరిగిందే అనుకోండి. 100కో 112కో మీరే చేయండి, ముందు మీరు చేయండి. గాయపడింది దొంగయినా 108 పిలవండి. పడిన రౌండ్లు ఏరొద్దు, ఏమీ సర్దొద్దు. పోలీసులు వచ్చేసరికి చేతిలో వెపన్ ఉండకూడదు. వకీలుని పిలవండి. ఇంతకంటే దీని మీద మాట్లాడను.

డ్రైవర్ల సంగతి చెప్పమన్నారు. సరుకు తీసుకుని పోతున్నప్పుడు డ్రైవర్ నడుముకి మీ వెపన్ కడతారు కొందరు. లైసెన్స్ మీది, నడుము వాడిది. లైసెన్స్ లేనివాడు మీరు పక్కనుంటే మోయొచ్చు, లేదా రిపేరుకో, రెన్యువల్‌కో, మీరే వాడుకోవడానికో మీ రాతకాగితంతో తీసుకెళ్ళొచ్చు. అంతే. వాడే కాపలా కాయాలంటే రిటైనర్‌గా, అంటే మీ తరఫున వెపన్ మోసేవాడిగా, వాడి పేరు లైసెన్స్‌లో ఎక్కించండి. లేదంటే ఇద్దరూ ఇరుక్కుంటారు.

ఇంట్లో... పిల్లలకి మీరు ఎక్కడ దాచారో తెలుసు. తెలియదనుకోకండి. మీరు చిన్నప్పుడు మీ నాన్న సిగరెట్లు ఎక్కడ పెట్టేవాడో మీకు తెలియదా? తాళం ఉన్న లాకరు, రౌండ్లు వేరే లాకరు, తాళంచెవి మీ మొలతాడుకి.

ఎన్నికల నోటిఫికేషన్ వస్తే స్టేషన్లో డిపాజిట్ చేయాలని కబురు వస్తుంది కదా, దాన్ని ఆఖరి రోజుదాకా లాగొద్దు. రసీదు జాగ్రత్త. వెనక్కి తెచ్చుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే ఖాళీగా ఉందో లేదో చూసుకోండి, వాళ్ళు 'ఖాళీయే సార్' అన్నా. నా కుంకుమ రివాల్వర్ గుర్తుంది కదా?

సరే, టీ వచ్చినట్టుంది, వాసన వస్తోంది. తాగి ఒక్కొక్కరుగా ఈ బల్ల దగ్గరికి రండి. వెపన్ తీయొద్దు, ఎవరూ తీయొద్దు, నేను చూడను. లైసెన్స్ పుస్తకం చూపించండి, గడువు ఎప్పటిదాకా ఉందో చూసి చెప్తాను. బెల్టు చూపించండి. మూడో వరుసలో అన్నా, మీరు ముందు రండి.